బందరు బట్ట, బండా జాజికాయ

చంటిబిడ్డకి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టాక మన పెద్దవాళ్ళు సానరాయి తీస్తారు. వస, కరక్కాయ, జాజికాయ ఒక్కో చుట్టు అరగదీసి, తల్లిపాలలో రంగరించి బిడ్డ నాలుకకి రాస్తారు. తెలుగు ఇళ్ళలో ఈ అలవాటు ఎన్ని తరాల నుంచి ఉందో ఎవరూ లెక్కకట్టలేదు. అయితే ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు మన సానల మీద అరిగిన అసలు జాజికాయ దాదాపుగా అంతా భూమ్మీద ఒకే ఒక్క చోట కాసింది. ఇండోనేషియా తూర్పు భాగంలో, చుట్టూ లోతైన సముద్రం మధ్య, పటం మీద వేలిగోరుతో కప్పేయగలిగినంత చిన్నవి ఆ దీవులు. వాటి పేరు బండా.

ఆ దీవులు చూడాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక. నేనుండేది రాయ్‌పూర్‌లో. మావారి తాతల ఊరు పార్వతీపురం దగ్గర. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఈ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా మామగారు వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేశారు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా సందులో ఇప్పటికీ ఉదయం పూట తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. ఇక్కడి మనవాళ్ళకి సముద్రం అంటే కొర్బా ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం. పడుకుని లేచేసరికి విశాఖ. ఇంత నేల మధ్య బతికేవాళ్ళం, అంత దూరపు దీవులకి ఎందుకని అడిగిన వాళ్ళందరికీ నేనిచ్చిన జవాబు ఒక్కటే. నేను పుట్టింది బందరులో, అంటే మచిలీపట్నంలో. ఆ దీవులకీ మా ఊరికీ నాలుగు వందల ఏళ్ళ లెక్క ఒకటి తేలకుండా ఉండిపోయింది.

ప్రయాణం సుదీర్ఘమే. కోల్‌కతా, కౌలాలంపూర్, జకార్తా మీదుగా అంబోన్ చేరాలి. అక్కడ తులెహు రేవులో పడవ ఎక్కితే సముద్రం నెమ్మదిగా ఉన్న కాలంలో సగం రోజులో బండా నెయిరా కనిపిస్తుంది. ముందు కనిపించేది మాత్రం దీవి కాదు, అగ్నిపర్వతం. గునుంగ్ అపి సముద్రంలోంచి నిటారుగా ఆరువందల మీటర్లకు పైగా లేచి ఉంటుంది. 1988 మే నెలలో పేలి లావా నీళ్ళలోకి దొర్లింది. ఆ లావా చల్లబడ్డ చోటే ఇప్పుడు పగడాలు దట్టంగా పెరిగాయి. పర్వతానికీ నెయిరా ఊరికీ మధ్య ఒక సన్నని పాయ. పిల్లలు అందులో తెడ్లపడవలు వేసుకుని బడికి పోతున్నట్టు తేలిగ్గా అటూ ఇటూ తిరుగుతుంటారు.

ఎదురుగా ఉన్న పెద్ద దీవి లొంతోర్. రేవు నుంచి మెట్లెక్కి పైకి వెళితే జాజితోట. తోట అంటే మన మామిడితోటలా వరసలు తీర్చి ఉండదు. పైన కెనరీ చెట్లు, మహావృక్షాలు, వాటి మొదళ్ళు గోడల్లా లేచి ఉంటాయి. వాటి నీడలో జాజిచెట్లు. ఎండ గాని, సముద్రపు గాలి గాని నేరుగా తగిలితే జాజి ఓర్చుకోదు. అందుకే కెనరీ దాని గొడుగు. పండు లేత పసుపు రంగులో, చిన్న జామకాయంత ఉంటుంది. పక్వానికి వచ్చినప్పుడు దానంతటదే నిలువునా చీలుతుంది. లోపల నల్లగా నిగనిగలాడే పెంకు, దాని చుట్టూ వల అల్లినట్టు ఎర్రటి జాపత్రి. ఎండిన జాపత్రినే చూసిన కళ్ళకి ఆ పచ్చి ఎరుపు ఒక్కసారిగా నమ్మశక్యంగా ఉండదు. పొడవాటి వెదురుగడ చివర చిన్న బుట్ట కట్టి, దాంతో పండుని అందుకుని కోస్తారు. మనుషులు కోసేవి పోగా, మిగిలినవాటిని పెద్ద పావురాలు మింగి ఇంకోచోట విత్తనం వేస్తాయి. నాటిన చేయి లేకుండా మొలిచిన చెట్లన్నీ ఆ పావురాలవే.

పండు కండని కూడా వదలరు. చక్కెరలో ఊరబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. చేపల పులుసులో వేస్తారు. మేమున్న ఇంటావిడ కెనరీ పప్పు నూరి వంకాయ మీద చిక్కగా పోసి వడ్డించింది. వేరుశనగపప్పు, నువ్వులు కూరి వండే మన గుత్తివంకాయ కూరకి అది వరసకి అక్క అవుతుంది. నేను రెండోసారి వడ్డించుకుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఈ ఊరి అందం ఇంత చెప్పాక, ఇక్కడ జరిగింది చెప్పకుండా దాటిపోవడం నాకు చేతకాదు.

డచ్చివాళ్ళ ఓడలు బండాకి మొదట 1599లో వచ్చాయి. అప్పటికే జావా, మలయా, అరబ్, గుజరాతీ వర్తకులు అక్కడికి రావడం పరిపాటి. దీవుల్లో రాజు లేడు. ఒరాంగ్ కాయా అని పిలిచే ఊరి పెద్దలు కూడి నిర్ణయాలు చేసేవాళ్ళు. ఎవరు మంచి ధర ఇస్తే వారికి అమ్మేవాళ్ళు. డచ్ ఈస్టిండియా కంపెనీకి ఇది నచ్చలేదు. జాజికాయ తమకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని ఒప్పందాలు రాయించింది. 1609లో నెయిరాలో నసావు కోట కట్టడం మొదలుపెట్టింది. ఆ ఏడే డచ్ నౌకాధిపతి వెర్‌హూవెన్‌ని దీవుల వాళ్ళు మాటువేసి చంపారు. 1611లో కొండమీద ఐదు కోణాల బెల్జికా కోట లేచింది. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సోన్ కూన్ పెద్ద సేనతో వచ్చి దీవులను తొక్కేశాడు. మే 8న నసావు కోట దగ్గర 44 మంది పెద్దలను కూలికి తెచ్చిన జపాన్ సైనికులతో నరికించాడు. అప్పటికి దీవుల జనాభా 15,000 దాకా ఉండేదనీ, ఆ దండయాత్ర తర్వాత మిగిలింది వెయ్యిమంది మాత్రమేననీ చరిత్రకారుల అంచనా. కొందరు చచ్చిపోయారు, కొందరు కొండల్లో ఆకలితో రాలిపోయారు, కొందరిని పట్టి బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా తరలించారు, మరికొందరు పడవల్లో పారిపోయారు.

ఖాళీ అయిన నేలని కంపెనీ 68 ముక్కలు చేసి తన మనుషులకు పంచింది. తోట ఆసామి డచ్చివాడు, పని చేసేది బానిసలు, పంట మొత్తం కంపెనీది. ఇంకెక్కడా మొలకెత్తకుండా జాజికాయలను సున్నంలో ముంచి మరీ ఎగుమతి చేసేవాళ్ళు. పడమటి వైపున్న రున్ అనే చిన్న దీవి మాత్రం ఇంగ్లీషువాళ్ళ చేతిలో కొన్నాళ్ళు నిలిచింది. దాని కోసం రెండు కంపెనీలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. చివరికి 1667లో బ్రెడా సంధి కుదిరింది. రున్ డచ్చివాళ్ళకి మిగిలింది, అమెరికాలో మన్‌హట్టన్ ఇంగ్లీషువాళ్ళకి మిగిలింది. పర్యాటకులకు ఇక్కడ అందరూ చెప్పే కథ ఇదే. ఆ కథ విన్నవాళ్ళు న్యూయార్క్ ఎంత పెరిగిందో చూశారా అని ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ ఆశ్చర్యం రుచించలేదు. ఆ సంధి కాగితం మీద రున్ వాసుల సంతకం లేదు, మన్‌హట్టన్ ఆదివాసుల సంతకమూ లేదు.

ఇప్పుడు బందరు దగ్గరికి వస్తాను.

బండా వాళ్ళకి యూరప్ సరుకు అక్కర్లేదు. ఉన్ని బట్ట ఆ ఎండల్లో ఎవరు కట్టుకుంటారు? వాళ్ళకి కావలసింది బియ్యం, దాంతో పాటు నూలు బట్ట. అదీ ఏ బట్ట పడితే ఆ బట్ట కాదు. ఏ దీవికి ఏ అంచు, ఎంత పొడవు, ఏ ఎరుపు అన్న పట్టింపు వాళ్ళకి గట్టిగా ఉండేది. రంగు ఒక్క మెట్టు తేడా వస్తే మూట తిప్పి పంపేవాళ్ళు. ఆ బట్ట నేసి, రంగులద్దేది ఎక్కడ? కృష్ణా గోదావరి డెల్టాల నుంచి పులికాట్ దాకా మన తీరంలో. అందుకే జాజికాయ కావాలంటే డచ్చివాళ్ళు మన దగ్గరికి కూడా రావలసివచ్చింది. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ అనుమతితో 1606లో మచిలీపట్నంలోనూ, నిజాంపట్నంలోనూ గిడ్డంగులు తెరిచారు. 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం. ఖమ్మం ప్రాంతపు నాగులవంచలో కూడా వాళ్ళ గిడ్డంగి ఉండేది. హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి 1612లో మన ఈ కోరమాండల్ తీరాన్ని, బండా ఉన్న మొలక్కా దీవులకు ఎడమ చేయిగా వర్ణించాడు. ఆ బట్ట లేకపోతే ఆ దీవుల్లో బేరమే లేదని అతని భావం.

ఎడమ చేయి అనిపించుకున్నది మనవాళ్ళ చేయి. దేవాంగులు, పద్మశాలీలు పడుగు పేకలు కలిపి నేసిన చేయి. చిరివేరు దంచి ఎరుపు తీసిన చేయి. గవ్వల సున్నం కలిసిన ఇసుక నేలల్లో పండే చిరివేరుకి నిజాంపట్నం ప్రాంతం పెట్టింది పేరు. ఆ ఎరుపు ఎంత ఉతికినా దిగదు, ఇంకా తేరుతుంది. సులవేసి దీవిలో తొరాజా అనే కొండజాతి వాళ్ళు మన దేశపు పాత అద్దకం బట్టలను ఇప్పటికీ దేవుడి వస్తువుల్లా పెట్టెల్లో దాచుకుని, శుభాశుభాలకి మాత్రమే బయటికి తీస్తారు. మా పెడన బజారులో మీటర్ల లెక్కన అమ్ముడుపోయే కలంకారీకి అలాంటి పూర్వీకులు ఉన్నారని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రాయ్‌పూర్‌కి ఇందులో పాత్ర లేదనుకోకండి. మచిలీపట్నం మగ్గాలకి తీరప్రాంతపు పత్తి చాలేది కాదు. బేరార్ నుంచి బంజారాలు పెరికె ఎడ్ల మీద పత్తి మోసుకొచ్చి, తిరుగు ప్రయాణంలో ఉప్పు నింపుకుని పోయేవాళ్ళు. ఛత్తీస్‌గఢ్ మైదానం కూడా శతాబ్దాల పాటు తూర్పు తీరపు ఉప్పునే తిన్నది, అదీ బంజారాల ఎడ్ల మీద వచ్చినదే. రైలు రాకముందు ఈ నేల నడుమకి సముద్రం అలా మూటల్లో వచ్చేది. ఇవాళ కూడా అద్దకం పనికి మొదట కావలసింది కరక్కాయ. ఇక్కడి అడవుల్లో దాన్ని హర్రా అంటారు. ధమ్‌తరీ వైపు వెళితే వర్తకుల వాకిళ్ళలో గుట్టలు పోసి ఉంటుంది. గోల్ బజార్‌లో నేను జాయ్‌ఫల్, జావిత్రీ, హర్రా ఒకే దుకాణంలో కొంటాను. బండా చెట్టు, బస్తర్ చెట్టు పక్కపక్క డబ్బాల్లో కూర్చుని ఉంటాయి.

మనవాళ్ళు డచ్చివాళ్ళు వచ్చేదాకా సముద్రం ముఖం చూడలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. శ్రీనాథుడి హరవిలాసం కృతి పుచ్చుకున్న అవచి తిప్పయ సెట్టి ఓడల మీద దేశదేశాల సుగంధాలు తెప్పించిన వర్తకుడు. అంతకు ముందే, 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుపానుకి ఓడలు పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవాళ్ళు. తాను అలా చేయననీ, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టననీ సముద్ర వ్యాపారులకి అభయమిచ్చాడు. ఏ సరుకుకి ఎంత సుంకమో రాతి మీద చెక్కించాడు. కర్పూరం, ముత్యాలు, చందనం, పట్టు, మిరియాలు అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. బెల్జికా కోట బురుజు ఎక్కి, పాత ఫిరంగుల పక్క నిలబడి కింద రేవుని చూసినప్పుడు నాకు ఆ శాసనమే గుర్తొచ్చింది. రెండూ వ్యాపారం కోసం నిలబెట్టిన రాళ్ళే. ఒకటి పరాయివాడికి ధైర్యం చెప్పడానికి, ఇంకొకటి ఊరివాడిని భయపెట్టడానికి. వర్తకం అంటేనే దోపిడి, ఆ కాలమే అంత అని సర్దిచెప్పేవాళ్ళకి నేను మోటుపల్లి చూపిస్తాను. బెల్జికా కోట కంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందే ఇంకో పద్ధతి మనుషులకి తెలుసు.

బట్టతో పాటు మన తీరం నుంచి మనుషులు కూడా వెళ్ళారు. బండా తోటలకి పనివాళ్ళు కావలసివచ్చినప్పుడు కంపెనీ ఎన్నో తీరాల నుంచి బానిసలను తెప్పించింది. కోరమాండల్ వాటిలో ముఖ్యమైనది. ఎక్కువమందిని పంపింది పులికాట్ రేవు. పదిహేడో శతాబ్దంలో ఈ తీరాన్ని పదేపదే కరువు కాల్చింది. 1630 ప్రాంతపు కరువు వాటిలో ఘోరమైనది. పిడికెడు గింజల కోసం జనం బిడ్డలను అమ్ముకున్నారు, తమని తాము అమ్ముకున్నారు. దళారులు మనవాళ్ళే, కొన్నది కంపెనీ. ఈ రెండు ముక్కలూ కలిపే చెప్పాలి. ఒకటి దాచి ఇంకొకటి చెబితే ఓడెక్కిన వాళ్ళకి న్యాయం జరగదు. వాళ్ళలో తెలుగు మాట్లాడిన వాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. లొంతోర్ తోటలో కెనరీ చెట్టు నీడన కూర్చున్నప్పుడు నన్ను పట్టుకున్న ఆలోచన ఇదే. బందరులో నేసిన పంచె కట్టుకుని ఒక డెల్టా మనిషి ఇక్కడ జాజికాయలు ఎండబెట్టి ఉంటాడు. అతని ఊళ్ళో, అతని ఇంట్లోనే ఆ కాయ సాన మీద అరిగి ఉంటుంది. ఆ కాయ ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటివాళ్ళకి తెలియదు. అతను ఎక్కడికి పోయాడో కూడా తెలియదు.

పర్యాటక శాఖలు ఇలాంటి చోట్లని డచ్ వారసత్వ ప్రదేశాలు అంటాయి. నెయిరాలో తెల్లటి స్తంభాల భవనాలు, చర్చి నేలలో పరిచిన సమాధి ఫలకాలు, మరమ్మతు చేసిన కోట. మన దగ్గర బందరులో డచ్ సమాధులు, వాటిపై చెక్కిన వంశ చిహ్నాలు, ఓడలు, పుర్రెలు. భీమిలిలో సముద్రానికి దగ్గర్లో పిరమిడ్ల వంటి సమాధులు. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయేటప్పుడు వాళ్ళు వదిలిన రాళ్ళు ఇవి. వీటిని కాపాడాలి, నాకు ఆ విషయంలో అనుమానం లేదు. బందరు వలందపాలెం దారిలో నడిచి బడికి వెళ్ళిన దాన్ని నేను. ఆ రాళ్ళ మీద అక్షరాలు తడిమి పెరిగాను. అయితే వారసత్వం అని ఒక పేరు పెట్టి, దాని ముందు డచ్ అని ఒక్కళ్ళ పేరే తగిలిస్తే నాకు ఊపిరి సలపదు. ఆ భవనాలకి డబ్బు జాజికాయ ఇచ్చింది. ఆ జాజికాయని కొన్నది మన నేత. ఆ తోటల్లో పనిచేసింది పది దేశాల బానిసలు. రాయి మీద పేరున్నవాడిది ఒక్కడిదే ఈ వారసత్వం అనడం ఎలా కుదురుతుంది?

బండా వాళ్ళు ఈ విషయం మనకంటే ముందు తేల్చుకున్నారు. నెయిరాలో పరిగి రాంతే అనే పాత బావి ఉంది. అక్కడ స్మారకం కట్టి 1621లో చంపిన పెద్దల పేర్లు వరసగా రాశారు. తర్వాతి కాలంలో డచ్ ప్రభుత్వం ఆ దీవికి ప్రవాసం పంపిన స్వాతంత్ర్య యోధుల పేర్లు కూడా అక్కడే ఉన్నాయి. దూరం అన్న ఒకే కారణంతో ఆ దీవి ఖైదుగా మారింది. చిప్తో మంగున్‌కుసుమో అక్కడ ఏళ్ళు గడిపాడు. మొహమ్మద్ హత్తా, సుతాన్ షారిర్ 1936లో వచ్చారు. 1942 వరకు ఉన్నారు. హత్తా తన ఇంటి వెనక వరండాలో ఊరి పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఆ బల్లలు, నల్లబల్ల ఇప్పటికీ ఉన్నాయి. షారిర్ ఊరి పిల్లలను దత్తత తీసుకుని పెంచాడు. దేశం స్వతంత్రం ప్రకటించుకున్నాక హత్తా తొలి ఉపాధ్యక్షుడు, షారిర్ తొలి ప్రధాని. ఆ దీవుల గుంపులో ఒక చిన్న దీవికి ఇప్పుడు హత్తా పేరు, ఇంకో దానికి షారిర్ పేరు.

షారిర్ పేరు రాయ్‌పూర్‌లో ఉన్న నాకు ఇంకో కారణంగా దగ్గరగా అనిపిస్తుంది. 1947 జూలైలో డచ్ సైన్యం కొత్త గణతంత్రం మీద దాడి చేసినప్పుడు, షారిర్ బయటికి వచ్చి ప్రపంచానికి చెప్పుకోవాలి. దారులన్నీ మూసేశారు. నెహ్రూ కోరిక మీద మన పొరుగు ఒడిశా మనిషి బిజూ పట్నాయక్ తన భార్య జ్ఞాన్‌ని వెంటబెట్టుకుని డకోటా విమానం నడుపుకుంటూ జావాలో దిగి, షారిర్‌ని ఢిల్లీ చేర్చాడు. ఆగస్టులో షారిర్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో తన దేశం గొంతు వినిపించాడు. మన తీరం నుంచి బట్టల మూటలు, బానిసలు వెళ్ళిన దారికి తిరుగు ప్రయాణంలా ఈ విమానం నా మనసులో ఎగురుతుంది. నెయిరాలో హత్తా ఇంటిని చూసుకునే ముసలాయనకి బిజూ పేరు చెబితే తల ఊపి, నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మా మధ్య ఉమ్మడి భాష లేదు. ఆ పేరు సరిపోయింది.

బండా భాష బండాలో లేదు. 1621లో పడవలెక్కి పారిపోయిన వాళ్ళు తూర్పున కేయి దీవులకి చేరి అక్కడ రెండు ఊళ్ళు కట్టుకున్నారు. ఒకటి బండా ఎలి, ఇంకొకటి బండా ఎలాత్. పూర్వీకుల భాషని నాలుగు వందల ఏళ్ళుగా అక్కడే మాట్లాడుకుంటున్నారు. అసలు దీవుల్లో ఉన్నవాళ్ళు మాట్లాడేది మలయు. ఊరు పోయినా భాషని మూటకట్టుకుని వెళ్ళడం ఎంత పట్టుదల ఉన్నవాళ్ళకి సాధ్యం! పరాయి రాష్ట్రంలో పిల్లలకి ఆదివారం కూర్చోబెట్టి గుణింతం నేర్పించే మా కాలనీ ఆడవాళ్ళకి ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళు బండా ఎలి గురించే ఎక్కువ ప్రశ్నలు అడిగారు. అగ్నిపర్వతం గురించి ఒక్కరూ అడగలేదు.

జాజికాయ గుత్తాధిపత్యం చివరికి నిలవలేదు. ఫ్రెంచివాడు పియర్ పువావ్ర్ మొలకలు దొంగిలించి తన దీవులకి చేర్చాడు. ఇంగ్లీషువాళ్ళు బండాని కొన్నాళ్ళు ఆక్రమించుకున్నప్పుడు మొక్కల్ని పెనాంగ్‌కి, ఇంకా ఇతర వలసలకి తీసుకెళ్ళారు. ఇవాళ కరీబియన్ దేశం గ్రెనడా తన జెండా మీదే జాజికాయ పెట్టుకుంది. మన కేరళ తోటల్లో కూడా కాస్తోంది. నేను గోల్ బజార్‌లో కొనేది ఇప్పుడు ఏ తోటదో దుకాణదారుకే తెలియదు.

బందరు డచ్ సమాధుల దగ్గర ఒక పలక ఉండాలని నా కోరిక. అందులో ఈ తీరం నుంచి ఏ బట్ట ఏ దీవులకి వెళ్ళిందో రాయాలి. అది నేసినవాళ్ళ కులవృత్తుల పేర్లు రాయాలి. కరువులో ఓడెక్కించిన వాళ్ళని తలుచుకుంటూ ఒక వాక్యం రాయాలి, వాళ్ళ పేర్లు దొరకకపోయినా సరే. పరిగి రాంతే బావి దగ్గర నిలబడి వచ్చినదాన్ని కాబట్టి ఇది అసాధ్యం అని ఎవరు చెప్పినా నేను వినదలుచుకోలేదు. పురావస్తు శాఖకి అర్జీ రాసి పంపాను. బందరులో ఉన్న పాత స్నేహితుల చేత కూడా సంతకాలు పెట్టిస్తున్నాను.

ఈలోగా చేయగలిగింది ఒకటి చేస్తున్నాం. మా బాబాయి పెడనలో అద్దకం పని చేస్తాడు. టేకు చెక్క మీద అచ్చు చెక్కేవాళ్ళు ఆయనకి దగ్గరివాళ్ళు. జాజికొమ్మ అచ్చు ఒకటి చేయించమని అడిగాను. ఆకు, కాయ, చీలిన పండు మూడూ ఉండాలి. ఆ అద్దకంతో ఒక దుప్పటి తయారయితే నెయిరాలో నాకు వంకాయ కూర వండిపెట్టిన ఇంటావిడకి పంపాలని. ఫోటోలు పంపాను. మర్నాడే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆకు సరే, కాయా సరే. పండు లోపల ఆ ఎర్ర వల ఉంది చూశావా, దానికి గీత ఎంత సన్నంగా పోవాలో తేల్చుకోవాలి. మరీ సన్నం చేస్తే నాలుగు దుప్పట్లకే అచ్చు అంచు విరిగిపోద్ది. ఇంతకీ ఎరుపు ఏది వేయమంటావ్? మందార ఎరుపా, ఇటుక ఎరుపా?"

"చెట్టు మీద ఉన్నప్పుడు మందారం బాబాయ్. ఎండితే నారింజలోకి దిగుతుంది."

"అయితే రెండు ఉడుకులు వేద్దాం. ఒకటి పచ్చిదానికి, ఒకటి ఎండినదానికి. వచ్చే నెల వస్తావుగా, అచ్చు చూసి ఖాయం చేద్దువుగాని. వచ్చేటప్పుడు మీ అడవి కరక్కాయ ఓ అయిదు కిలోలు పట్రా."